పురిటింటి ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలు ఆరో నెల గర్భిణుల దగ్గర్నుంచి పురిటి మంచం మీదున్న బాలింతల దాకా వచ్చాయి. పేర్లు తీసేసి పేటల పేర్లు మాత్రం ఉంచాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా వేశాం.

ప్రశ్న: నాకు ఆరో నెల. హిమోగ్లోబిన్ 9.2 ఉంది. రెండు నెలలుగా రోజూ ఐరన్ మాత్ర వేసుకుంటున్నా పెరగలేదు. పొద్దున టీ తాగాక ఐరన్, కాల్షియం కలిపి మింగేస్తాను. మలం నల్లగా వస్తోంది. మాత్రలు వేడి చేస్తాయని, పిల్ల నల్లగా పుడుతుందని మా అత్తమ్మ అంటోంది. మానేయమంటారా?
ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: మానొద్దమ్మా. మాత్ర మంచిదే, వేసుకునే వేళ బాగాలేదు. టీలోని వగరు పదార్థం ఐరన్‌ను పట్టేసి పేగుల్లో ఇంకనివ్వదు. కాల్షియం కూడా దానికి అడ్డం పడుతుంది. రెండు మాత్రలూ కలిపి, అదీ టీ వెనకే మింగితే ఐరన్‌లో చాలా భాగం ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది.

ఇలా మార్చి చూడండి. పొద్దున టిఫిన్‌తో ఒక కాల్షియం మాత్ర, మధ్యాహ్నం భోజనంతో రెండోది. ఐరన్ మాత్ర రాత్రి భోజనమైన రెండు గంటలకు, పడుకోబోయే ముందు, అర చెక్క నిమ్మకాయ పిండిన నీళ్లతో వేసుకోండి. రాత్రి పాలు తాగే అలవాటుంటే సాయంత్రానికి జరపండి. ఐరన్‌కు ముందూ వెనకా కనీసం గంటసేపు టీ, కాఫీ వద్దు. ఖాళీ కడుపున వికారం పుడితే భోజనంతోనే వేసుకోండి. కాస్త తక్కువ ఇంకుతుంది, కానీ పూర్తిగా మానేయడం కంటే అది ఎంతో మేలు.

ప్రభుత్వ దవాఖానాలో ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రక్తం బాగానే ఉన్న గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు ఇస్తారు. గర్భిణికి 11 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. 7 నుంచి 9.9 దాకా మధ్యస్థం, 7 లోపు తీవ్రం. మీ 9.2కి సాధారణంగా రోజుకు రెండు మాత్రలు రాస్తారు. ఒకటే వేసుకుంటూ ఉంటే ఆ సంగతి మీ డాక్టరును అడగండి. రెండో మాత్రకు పొద్దున పదకొండు గంటల వేళ బాగుంటుంది. అప్పటికి టిఫిన్ అరిగిపోతుంది, భోజనానికి ఇంకా టైముంటుంది.

వేళలు సరిచేశాక నెలకు సుమారు ఒక పాయింటు పెరగాలి. పెరగకపోతే మాత్రల సంఖ్య పెంచడం కంటే కారణం వెతకడం ముఖ్యం. నులిపురుగుల కోసం మూడో నెల దాటాక ఒకసారి 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఇస్తారు, మీకిచ్చారో లేదో చూసుకోండి. శాకాహారులైతే బీ12 పరీక్ష చేయించాలి. సీబీపీ అనే రక్తకణాల పరీక్ష రిపోర్టులో, ఎర్ర కణాల సైజు చెప్పే ఎంసీవీ అనే అంకె బాగా తక్కువగా ఉండి, ఐరన్‌కు స్పందన లేకపోతే తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బును మోస్తున్నారేమోనని హెచ్‌బీ ఏ2 పరీక్ష చేస్తారు. అది మీలో ఉన్నట్టు తేలితే మీవారికీ చేయించాలి. ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ పరీక్ష ఎంత ముందుగా జరిగితే అంత మంచిది. సీబీపీ కోసం పెద్ద ల్యాబుకే వెళ్లనక్కర్లేదు, బస్తీ దవాఖానాలో రక్తం ఇస్తే ఉచితంగా చేస్తారు. ఏడో నెల దాటినా రక్తం పెరగకపోతే సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. దానికి భయపడకండి, కాన్పు దగ్గర పడ్డాక మాత్రలతో అంత త్వరగా పెరగదు.

మలం నల్లగా రావడం మాత్ర పనే, ప్రమాదం లేదు. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ఐరన్ నలుపు చేయదు, కుంకుమపువ్వు తెలుపు చేయదు. తిండి సంగతికొస్తే, ఎర్రగా ఉన్నదల్లా రక్తం పట్టిస్తుందనే నమ్మకంతో బీట్‌రూట్, దానిమ్మ రసాలకు చాలా డబ్బు పోస్తున్నారు. వాటిలో ఐరన్ కొద్దిగానే ఉంటుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన గర్భిణికి రోజుకు 27 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకోవడం, భోజనంతో ఉసిరి పచ్చడో జామకాయో తినడం, మాంసం తినేవాళ్లు వారంలో ఒకసారి కార్జం తినడం ఆ దిశగా పనికొస్తాయి. కార్జం మొదటి మూడు నెలల్లో వద్దు, అందులో విటమిన్ ఏ మరీ ఎక్కువ. ఏం తిన్నా 9.2 దగ్గర మాత్ర తప్పదు.

ప్రశ్న: సుగర్ పరీక్షకు గ్లూకోజ్ నీళ్లు తాగగానే వాంతైంది. ఒక దవాఖానాలో పరగడుపున రమ్మన్నారు, ఇంకోచోట తిని వచ్చినా ఫర్వాలేదన్నారు. ఎవరి మాట నమ్మాలి?
ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: ఇద్దరి మాటా నిజమే, అవి రెండు వేర్వేరు పరీక్షలు. ప్రభుత్వ పద్ధతిలో తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజ్‌ను సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఐదు పది నిమిషాల్లో తాగిస్తారు. రెండు గంటలకు ఒకే ఒక్క నమూనా తీస్తారు. 140 లేదా అంతకు మించితే గర్భిణుల మధుమేహం. చాలా ప్రైవేటు ల్యాబుల్లో పరగడుపున ఒకటి, గ్లూకోజ్ తాగిన గంటకు ఒకటి, రెండు గంటలకు ఒకటి తీస్తారు. వాటి హద్దులు 92, 180, 153. మూడింటిలో ఏ ఒక్కటి హద్దును అందుకున్నా మధుమేహమే. ఒక పద్ధతి అంకెను ఇంకో పద్ధతి హద్దుతో పోల్చి కంగారు పడకండి.

తాగిన అరగంటలోపు వాంతైతే ఆ పరీక్ష చెల్లదు, ఇంకో రోజు చేయించాలి. నీళ్లు చల్లగా ఉండి, కాస్త నిమ్మరసం పిండితే కడుపులో నిలుస్తాయి. మొదటిసారి డాక్టరుకు చూపించుకున్నప్పుడే ఒకసారి, బాగున్నా సరే 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ ఒకసారి చేయించాలి. మధుమేహం ఉందని తేలినవాళ్లు కాన్పైన ఆరు వారాలకు తప్పకుండా మరోసారి చేయించుకోవాలి. బిడ్డ హడావిడిలో చాలామంది మరిచిపోయేది ఇదే.

ప్రశ్న: మా కోడలికి 37 వారాలు నిండుతాయి. ఆ వారంలో మంచి ముహూర్తం ఉందని పంతులుగారు రాసిచ్చారు. ఆపరేషన్ ఎలాగూ చేస్తారు కదా, ఆ రోజే చేయమంటే తప్పా?
ఒక అత్తగారు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆపరేషన్ ఎలాగూ చేస్తారని ఎవరు చెప్పారో ముందు అడగండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. అంతమందికీ అవసరమై చేసినవి కావు. మొదటి కాన్పులో కోత పడితే తరవాతి కాన్పుకూ ఆ గాటు బరువు ఉంటుంది. మాయ పాత గాటు మీద అతుక్కుని ఊడిరాకపోతే తల్లికి ప్రాణగండమే.

నిజంగానే ఆపరేషన్ కావాల్సిన కారణం ఉందనుకుందాం. బిడ్డ అడ్డం తిరిగి ఉండొచ్చు, లేదా లోగడ రెండు ఆపరేషన్లు అయి ఉండొచ్చు. తల్లికి బీపీ లాంటి ఇబ్బంది లేనప్పుడు 39 వారాలు నిండేదాకా ఆగాలి. అంటే చివరి నెలసరి మొదటి రోజు నుంచి 273 రోజులు. తేదీ మీద అనుమానముంటే మూడో నెల స్కాన్‌లో ఇచ్చిన తేదీని నమ్మండి, తొమ్మిదో నెల స్కాన్ తేదీని కాదు. బిడ్డ పెరిగే కొద్దీ స్కాన్ అంచనాలో తేడా పెరుగుతుంది.

ఆ రెండు వారాల తేడా ఎందుకంటే, కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల నిండా ద్రవం ఉంటుంది. నొప్పులు మొదలయ్యాక తల్లీబిడ్డల్లో ఊరే హార్మోన్ల వల్ల ఆ ద్రవం ఇంకిపోవడం మొదలవుతుంది. నొప్పులే రాకుండా, అదీ 37 వారాలకే బయటికి తీస్తే ద్రవం మిగిలిపోయి బిడ్డ నిమిషానికి 60 సార్లకు మించి ఎగశ్వాస తీస్తుంది. ఆక్సిజన్ పెట్టాలి, ఒక్కోసారి రెండు మూడు రోజులు పసిబిడ్డల ఐసీయూలో (ఎన్ఐసీయూ) ఉంచాలి. ఇలాంటి బిడ్డలకు పాలు చీకే ఓపిక తక్కువ, రక్తంలో చక్కెర పడిపోతుంది, కామెర్లూ ఎక్కువే. పుట్టిన ఘడియ బాగుండి, పుట్టిన మొదటి మూడు రోజులూ తల్లికి దూరంగా గాజుపెట్టెలో గడవడం ఏ జాతకానికి మేలు?

ముహూర్తం చూడాలనే కోరిక మీకు గట్టిగా ఉంటే, 39 వారాలు దాటిన రోజుల్లో, పగటి వేళ, డాక్టరు సరేనన్న మూడు నాలుగు తేదీల్లోంచి ఒకటి చూడమని పంతులుగారికి చెప్పండి. నొప్పులు ముందే వస్తే, ఉమ్మనీరు పోతే, రక్తం కనిపిస్తే, బిడ్డ కదలిక తగ్గితే ఏ ముహూర్తం కోసమూ ఆగకూడదు.

ప్రశ్న: మా అమ్మాయికి ఆపరేషన్ అయి నాలుగు రోజులు. పాలు పడలేదు. రాత్రంతా బాబు ఏడుస్తున్నాడని డబ్బా పాలు పట్టాం. మొదటి రోజు తేనె నాకించాం. ఎండలు మండుతున్నాయని మధ్యమధ్య నీళ్లు పోస్తున్నాం. పాలు పెరగడానికి ఏదైనా మందు చెప్పండి.
ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: పాలు పెంచడంలో బిడ్డ నోటికి సాటి వచ్చే మందు లేదు. మీరు చెప్పిన మూడింటిలో తేనె, నీళ్లు ఈ రోజే ఆపేయండి. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి గింజలు ఏడాదిలోపు బిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. తల్లి పాలలో వందకు 87 పాళ్లు నీళ్లే, మే నెల ఎండల్లోనూ బిడ్డకు వేరే నీళ్లు అక్కర్లేదు. నీళ్లతో పొట్ట నింపితే పాలు తాగడం తగ్గుతుంది, తాగడం తగ్గితే పాలూ తగ్గుతాయి.

అసలు పాలు పడలేదని ఎలా అనుకున్నారు? మొదటి రోజు ముర్రుపాలు ఒక్కో పూటకు ఒకటి రెండు చెంచాలకు మించవు. పుట్టిన బిడ్డ పొట్టకు అవి చాలు. రొమ్ము బరువెక్కి పాలు దిగడం మూడు నాలుగు రోజులకు జరుగుతుంది, ఆపరేషన్ అయినవాళ్లకు ఇంకో రోజు ఆలస్యం కావచ్చు. అంటే మీ అమ్మాయికి పాలు దిగే వేళ ఇదే. సరిగ్గా ఇప్పుడే డబ్బా పాలు అలవాటైతే రొమ్ము ఖాళీ కాక, ఒంటికి పాలు తయారుచేయాలనే కబురు అందదు.

పాలు చాలుతున్నాయో లేదో ఏడుపుతో కొలవొద్దు. బిడ్డ నిద్రకీ ఏడుస్తాడు, ఎత్తుకోమనీ ఏడుస్తాడు. మూత్రం లెక్కపెట్టండి. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు, ఐదో రోజు నుంచి రోజుకు ఆరు అంతకు మించి లంగోటాలు తడవాలి. మలం మొదట నల్లగా జిగటగా, తరవాత ఆకుపచ్చగా, ఐదో రోజుకల్లా ఆవపిండి రంగుకు తిరగాలి. ఇంకా నల్లగానే ఉంటే కడుపులోకి పాలు వెళ్లడం లేదన్నమాట. బరువు మొదటి రోజుల్లో తగ్గడం సహజం. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ 2.7 కిలోల దాకా దిగవచ్చు, అంతకన్నా కిందికి పోకూడదు. రెండు వారాలకల్లా పుట్టిన బరువు మళ్లీ అందుకోవాలి.

ఇక రొమ్ము పట్టించే తీరు. ఆపరేషన్ కుట్టు మీద బరువు పడకుండా పక్కకు ఒత్తిగిల్లి పడుకుని ఇవ్వొచ్చు. లేదంటే కూర్చుని, పక్కన దిండు పెట్టి, బిడ్డ కాళ్లు తల్లి వీపు వైపు ఉండేట్టు చంక కింద పట్టుకోవచ్చు. బిడ్డ తల, వీపు ఒకే వరసలో ఉండాలి, మెడ తిరిగి ఉండకూడదు. చనుమొన బిడ్డ ముక్కుకు ఎదురుగా ఉంచి పై పెదవికి తాకిస్తే నోరు పెద్దగా తెరుస్తాడు. ఆ క్షణంలో బిడ్డనే రొమ్ముకు దగ్గరగా తీసుకోవాలి, రొమ్మును వంచి నోట్లో కుక్కకూడదు. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి మడిచినట్టుండాలి, నల్లటి భాగం కింది వైపు ఎక్కువగా నోట్లోకి పోవాలి. చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే తల్లికి పగుళ్లు, బిడ్డకు ఆకలి. చాలామంది దగ్గర జరిగే తప్పు ఇదే, పాలు లేవనే మాట కూడా ఎక్కువగా ఇక్కడి నుంచే పుడుతుంది. నొప్పి పుడితే చిటికెన వేలు బిడ్డ నోటి మూల నుంచి పెట్టి విడిపించి మళ్లీ పట్టించాలి.

24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పట్టాలి. రాత్రి పూటలు మానొద్దు, పాలు ఊరించే ప్రోలాక్టిన్ రాత్రి ఎక్కువగా ఊరుతుంది. రాత్రి డబ్బా పాలు పట్టి తల్లిని పడుకోబెడదామనేది ప్రేమతో చేసే పనే, కానీ దాని వల్లే వారం తిరిగేసరికి పాలు తగ్గిపోతాయి. దాని బదులు బిడ్డకు లంగోటా మార్చడం, తేనుపు తెప్పించడం మీరు చూసుకోండి, పాలిచ్చే పని మాత్రం ఆమెకు వదిలేయండి. పగలు రెండు మూడు గంటలు బట్టలు తీసిన బిడ్డను తల్లి ఛాతీ మీద పడుకోబెట్టి పైన చీర కప్పండి. ఇది చూడటానికి చిన్న ఉపాయం, పని మాత్రం పెద్దది.

బిడ్డ చీకలేకపోతే చేత్తో పిండండి. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, నల్లటి భాగం అంచు మీద పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి తరవాత రెండు వేళ్లూ దగ్గరకు తేవాలి, చర్మం మీద జార్చకూడదు. ఒక్కో వైపు ఐదు నిమిషాలు మార్చి మార్చి చేస్తే పావుగంట ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ పాలు పట్టడానికి మన ఉగ్గుగిన్నెను మించింది లేదు. ఎన్ఐసీయూల్లోనూ అదే ఆకారపు గిన్నె వాడతారు. పది నిమిషాలు మరగబెట్టిన గిన్నెతో, బిడ్డను కూర్చోబెట్టినట్టు పట్టుకుని, పెదవి అంచున చుక్క చుక్కగా పోయాలి. ఉగ్గుగిన్నె ఉంచుకోండి, అందులో రంగరించే వసకొమ్ము, ఆముదం మాత్రం వద్దు. పిండిన పాలు మామూలు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంటాయి. వేసవి మధ్యాహ్నాల్లో గదిలో అంతసేపు ఉంచకండి.

డబ్బా పాలు అసలే వద్దనే మాట కాదు. బరువు పదో వంతుకు మించి తగ్గినా, మూత్రం పన్నెండు గంటలుగా రాకపోయినా, బిడ్డ లేపినా లేవకుండా మగతగా ఉన్నా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి. అప్పుడు తల్లి పాలు పిండి పట్టడమో, చాలకపోతే కొలతగా డబ్బా పాలు ఇవ్వడమో ఆయన చెబుతారు. అందులో తల్లి ఓడిపోయింది ఏమీ లేదు. మూడో నాలుగో రోజున బిడ్డ ఒళ్లు వెచ్చబడితే అది చాలాసార్లు పాలు చాలక వచ్చే జ్వరమే, కానీ ఇన్ఫెక్షన్ కాదని తేల్చాల్సింది డాక్టరే. నెలలు నిండని బిడ్డలకు దాత తల్లుల పాలు దొరికే దారి కూడా ఉంది. నీలోఫర్ దవాఖానాలో ధాత్రి పేరుతో పాల బ్యాంకు నడుస్తోంది.

ప్రశ్న: ఐదో రోజు బిడ్డ పచ్చగా కనిపిస్తోంది. పొద్దున ఎండలో పెట్టమన్నారు. తెలిసినవాళ్లు పసరు పోయిస్తే తగ్గుతుందంటున్నారు. నేను పసుపు తినడం మానేశాను.
ఒక పాఠకురాలు, శాలిబండ

జవాబు: పసుపు తినండి, దానికీ బిడ్డ రంగుకూ సంబంధం లేదు. పసరు మాత్రం ఒక్క చుక్క కూడా పోయించకండి. కామెర్లకు వాతలు పెట్టించడం ఇంకా ఘోరం, కాలిన పుండు నుంచి చీము రక్తంలోకి పాకి బిడ్డలు పోయే ప్రమాదముంది.

పుట్టిన బిడ్డలో పాత ఎర్ర కణాలు వేగంగా విరిగిపోతాయి. వాటి నుంచి వచ్చే బిలిరుబిన్ అనే పచ్చ పదార్థాన్ని బయటికి పంపే పని కాలేయానికి ఇంకా పూర్తిగా చేతకాదు. అందుకే రెండో మూడో రోజు పచ్చదనం కనిపించి, నాలుగైదు రోజులకు ఎక్కువై, రెండు వారాల్లో తగ్గిపోవడం సహజం. మొదటి 24 గంటల్లోనే పచ్చబడితే మాత్రం అది సహజం కాదు. తల్లి రక్తం 'ఓ' గ్రూపు అయి బిడ్డది 'ఏ' లేదా 'బీ' అయినప్పుడు, తల్లిది నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయినప్పుడు ఇలా జరుగుతుంది. నెగటివ్ తల్లులకు 28వ వారంలో, కాన్పైన 72 గంటల్లోపు యాంటీ డీ ఇంజెక్షన్ ఇచ్చేది తరవాతి బిడ్డకు ఈ గండం రాకుండా.

పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, నుదురు, ఛాతీ, మోకాలి కింద ఒక్కో చోట వేలితో నొక్కి వదలండి. వేలు తీయగానే కనిపించే రంగు చూడండి. పచ్చదనం తల నుంచి కిందికి దిగుతుంది. చామనఛాయ బిడ్డలో కంటి తెల్లగుడ్డు, చిగుళ్లు చూడాలి. అరచేతులు, అరికాళ్లు పచ్చబడితే అదే రోజు దవాఖానాకు వెళ్లాలి. బిడ్డ పాలు మానినా, గట్టిగా కీచుమని ఏడ్చినా, వీపు విల్లులా వంచినా రాత్రైనా సరే బయల్దేరాలి. బిలిరుబిన్ మెదడులోకి చేరితే చెవుడు, అవయవాల మీద పట్టు లేకపోవడం జీవితాంతం ఉండిపోతాయి.

ఐదో రోజు పచ్చదనం కంటికి కనిపిస్తోందంటే ఒకసారి పరీక్ష చేయించడం మంచిది. పరీక్షలో వచ్చిన అంకెను బిడ్డ వయసుతో కలిపి చదవాలి. పుట్టిన 24 గంటలకు 12 ఉంటే చికిత్స దాకా వెళ్లాల్సిందే. నిండు నెలల ఆరోగ్యమైన బిడ్డకు ఐదో రోజు అదే 12 చాలాసార్లు ఊరికే కనిపెట్టుకుని ఉండాల్సిన అంకె. పక్కింటి బిడ్డ అంకెతో పోల్చకండి. ఎండ మందు కాదు. కామెర్లను కరిగించేది నీలి కాంతి, ఎండలో అది ఉన్నా దానితో పాటు వేడీ ఉంటుంది, ఒళ్లు కాలుతుంది, నీరు తగ్గుతుంది. దవాఖానాలో లైటు కింద పెట్టినప్పుడు కళ్లకు గంతలు కట్టి, లంగోటాతో ఉంచి, రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి. పాలు ఎంత తాగితే మలం అంత పోతుంది, దానితో పాటే బిలిరుబిన్ పోతుంది.

ఇంకో రెండు మాటలు. బిడ్డ పాత బట్టలు బీరువాలో కలరా ఉండలతో దాచి ఉంటే వాటిని తొడగకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న బిడ్డల్లో ఆ ఉండల వాసనకే ఎర్ర కణాలు చితికిపోయి కామెర్లు ఒక్కసారిగా ఎగబాకుతాయి. రెండోది, రెండు వారాలు దాటినా పచ్చదనం ఉండి, మలం సుద్దలా తెల్లగా, మూత్రం ముదురు పసుపుగా వస్తే పైత్యరస నాళాలు మూసుకుపోయాయేమో చూడాలి. దానికి చేసే ఆపరేషన్ అరవై రోజుల్లోపు జరిగితే ఫలితం బాగుంటుంది, కాబట్టి తగ్గిపోతుందిలే అని ఊరుకోవద్దు.

ప్రశ్న: నీళ్లు పోసే ఆమె బిడ్డ ముక్కులో నూనె వేస్తుంది, రొమ్ములు పిండుతుంది, సాంబ్రాణి పొగ పట్టిస్తుంది. బొడ్డుకు పసుపు, కళ్లకు కాటుక పెట్టమంటోంది. ఆమెను నొప్పించడం ఇష్టం లేదు. ఏది సరే, ఏది వద్దు?
ఒక పాఠకురాలు, అల్వాల్

జవాబు: కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసే ఆ పద్ధతి చక్కటిది, ఉండనివ్వండి. కొబ్బరి నూనెతో మెత్తగా ఒళ్లు రుద్దడం కూడా మంచిదే. నీళ్లు మోచేతికి వెచ్చగా మాత్రమే తగలాలి, ఐదు నిమిషాల్లో స్నానం అయిపోవాలి. మొదటి స్నానం పుట్టిన 24 గంటల తరవాతే. రెండున్నర కిలోల లోపు బిడ్డకైతే బొడ్డు ఊడి బరువు పెరిగేదాకా తడిబట్టతో తుడిస్తే చాలు.

ముక్కు, చెవుల్లో నూనె పోస్తే ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుంది. తల్లి హార్మోన్ల వల్ల ఆడైనా మగైనా పసిబిడ్డల రొమ్ములు ఉబ్బుతాయి, రెండు మూడు వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పిండితే చీము పడుతుంది. ఆడపిల్లకు మొదటి వారంలో కాస్త రక్తం కనిపించినా కారణం అదే, భయం లేదు. మాడు ఏడాది, ఏడాదిన్నరకు దానంతట అదే మూసుకుంటుంది, నూనె గుప్పి నొక్కనక్కర్లేదు. సాంబ్రాణి పొగ పెద్దవాళ్లకే దగ్గు తెప్పిస్తుంది. తలారడానికి మెత్తటి పొడి గుడ్డ, ఆ వెంటనే టోపీ చాలు. బొడ్డుకు ఏమీ రాయకండి, లంగోటా దాని కిందికి మడవండి, వారం పది రోజుల్లో ఊడిపోతుంది. చుట్టూ చర్మం ఎర్రబడి వాసన వస్తే చూపించాలి. కాటుకలో సీసం ఉండవచ్చు, వేలితో పెడితే కన్నీటి దారి కూడా చెడుతుంది. దిష్టి చుక్క అరికాలికి పెట్టమనండి, ఆమె మాటా నిలబడుతుంది.

ప్రశ్న: గ్రహణం రోజు కదలకుండా, తినకుండా పడుకోవాలా? కదిలితే గ్రహణం మొర్రి వస్తుందా?
ఒక పాఠకురాలు, హయత్‌నగర్

జవాబు: రాదు. పెదవి, అంగిలి కలిసేది రెండు మూడు నెలల మధ్య. అది కలవకపోవడానికి వంశం, ఫోలిక్ యాసిడ్ లోపం, పొగాకు, కొన్ని మూర్ఛ మందులు కారణాలు. ఆకలితో, దాహంతో ఉంటేనే మీకు కళ్లు తిరుగుతాయి. ఇంట్లో పెద్దల మనసు కోసం లోపలే ఉండండి, తిని నీళ్లు తాగి ఉండండి.

ప్రశ్న: కాన్పై పద్దెనిమిది రోజులు. పథ్యమని కారప్పొడి అన్నం తప్ప ఏమీ పెట్టరు. పొట్ట పెరుగుతుందని రోజుకు రెండు గ్లాసుల నీళ్లే. మలబద్ధకంతో కుట్లు నొప్పి. నాకు కారణం లేకుండా ఏడుపొస్తుంది, పిల్లను చూస్తే ఏమీ అనిపించదు. ఎవరికీ చెప్పలేదు.
ఒక పాఠకురాలు, బోడుప్పల్

జవాబు: ముందు మీ చివరి మాటకు జవాబు. కాన్పైన మూడో రోజు నుంచి వచ్చే ఏడుపు, చిరాకు చాలామందికి ఉంటాయి, రెండు వారాల్లోపు తగ్గిపోతాయి. మీకు పద్దెనిమిది రోజులైనా తగ్గలేదు, పిల్ల మీద మనసు పోవడం లేదు. దీన్ని కాన్పు తరవాతి డిప్రెషన్ అంటారు. మీరు చెడ్డ తల్లి కావడం వల్ల వచ్చింది కాదు, జ్వరంలాగే ఇదీ జబ్బు, మందు ఉంది. పాలిస్తూనే వాడదగ్గ మందులున్నాయి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. కాన్పు చేసిన డాక్టరుకు కూడా మాకు రాసిన ఈ మాటే ఉన్నదున్నట్టు చెప్పండి. మీకు గాని బిడ్డకు గాని హాని చేసుకోవాలనిపించినా, లేని మాటలు వినిపించినా ఆ రోజే ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకుని దవాఖానాకు వెళ్లాలి, ఒంటరిగా ఉండకూడదు.

తిండి, నీళ్లు కూడా మీ మనసు మీద పనిచేస్తున్నాయి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు మామూలు కంటే 600 కేలరీలు ఎక్కువ కావాలి. అంటే అదనంగా ఒక పూట నిండు భోజనం. కారప్పొడి, వెల్లుల్లి, పాత చింతకాయ పచ్చడి తినండి, అవి కూరకు తోడు, కూర కావు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు, పండు ప్రతి రోజూ పళ్లెంలో ఉండాలి. పెరుగు తింటే బిడ్డకు జలుబు చేయదు. నీళ్లు తాగితే పొట్ట పెరగదు. పొట్ట ముందుకు రావడం సాగిన కండరాల వల్ల, అవి నెలల మీద బిగుస్తాయి. పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు నీళ్లు పెట్టుకోండి, రోజుకు రెండున్నర మూడు లీటర్లవుతాయి. నీళ్లు తగ్గితే మలం గట్టిపడుతుంది, మూత్రంలో మంట వస్తుంది. నీళ్లు లేక, కదలక మంచం మీదే ఉంటే కాలి నరంలో రక్తం గడ్డకట్టే భయం ఉంది. పొట్టకు గుడ్డ కట్టుకోవచ్చు, ఊపిరి పట్టేంత బిగువు వద్దు. ఇంట్లో పూటకు పది నిమిషాలు నడవండి. ఐరన్, కాల్షియం మాత్రలు ఆపకండి.

ఈ ఆరు వారాల్లో గంటకో ప్యాడ్ చొప్పున వరసగా రెండు గంటలు తడిసినా, 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, ఒక కాలు పిక్క వాచి నొప్పి పెట్టినా ఆగకండి. తల పగిలే నొప్పితో చూపు మసకబారితే బీపీ చూపించాలి. కాన్పుకు ముందు బీపీ లేనివాళ్లకూ తరవాత రావచ్చు. ఆయాసమొస్తే, ఫిట్స్ వస్తే, రక్తం ఆగకపోతే 108కు ఫోన్ చేయించండి. ఈ ఉత్తరాన్ని మీ ఇంట్లో చదివి వినిపించగలిగిన మనిషి ఎవరో ఆలోచించి, ఈ రోజే వాళ్ల చేతికివ్వండి.